మ్యాగజైన్లకు తలంటు

మా డిపార్ట్‌మెంట్ల నాకొక పేరున్నది. "తుపాకీకి తలంటు పోసినామె" అని. ఎక్కిరియ్యనీకి పెట్టిండ్రు. ఇప్పుడు ఆ పెట్టినోళ్ళే ఫైరింగుకు పోయే ముందు నా పక్కకు వచ్చి గొంతు తగ్గించి, "అక్కా, నా మ్యాగజైన్‌కు గూడ ఒకసారి తలంటు పొయ్యరాదే" అంటరు. పోస్త. పోస్తనే రెండు మాటలు గూడ అంటిస్త. నా నోరు ఊకుండదు గదా.

నేను సాయుధ పోలీసుల కానిస్టేబుల్‌ను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, ఈ మూడు జిల్లాల మధ్యనే నా నౌకరంతా తిరిగింది. ఈ ముచ్చట ఏ జిల్లా కేంద్రంల జరిగిందో మాత్రం చెప్ప. మూడిట్ల ఏదో ఒకటి అనుకోండ్రి. ఎండ మూడుతాన్ల ఒక్క తీర్గనే ఉంటది, బోరునీళ్ళు మూడుతాన్ల ఉప్పగనే ఉంటయి. మాది కోడేరు దిక్కు పల్లె. వేరుశనగ చేన్ల కలుపు తీసిన చేతులే తర్వాత రైఫిలు పట్టినయి. రెండు పనులల్ల నడుము నొప్పి ఒకటే.

మ్యాగజైన్ అంటే రైఫిలు కింద తగిలించే తూటాల డబ్బా. తూటాను మేం రౌండు అంటం. డబ్బా లోపల ఒక స్ప్రింగు, దాని మీద ఒక చిన్న పలక ఉంటది. ఒక రౌండు పేలంగనే ఆ పలక ఇంకో రౌండును పైకి తోస్తది. తోసిందా, రైఫిలు నడుస్తది. తొయ్యలేదా, చేతుల ఉన్నది ఉత్త కట్టె. మావి ప్లాస్టిక్ మ్యాగజైన్లు. ప్లాస్టిక్‌కు తుప్పు పట్టదు, అయినా లోపలి స్ప్రింగు ఇనుముదని చెప్పి, దాచిపెట్టేటప్పుడు లోపల బయట అంతా గ్రీజు పూసి పెట్టెలల్ల పెడ్తరు. కొత్త జిల్లాలు అయినంక మాకు వచ్చిన పెట్టెలల్ల గూడ గట్లనే పూసి ఉండె. దాచేటందుకు పూసిన గ్రీజును వాడే ముందు తియ్యాలె. ఇంట్ల ఆవకాయ జాడీకి కట్టిన బట్ట విప్పకుండ ఎవరన్న వడ్డిస్తరా? మేం మాత్రం గట్లనే చేస్తుంటిమి. పై పైన గుడ్డతోని ఒకసారి తుడుస్తుంటిమి, అంతే.

అప్పుడు నాకు ఆర్మరీల డ్యూటీ. ఆర్మరీ అంటే ఆయుధాల గది. దానికి పెద్ద ఒక హెడ్ కానిస్టేబుల్. రిటైర్మెంటు దగ్గర పడ్డ మనిషి, మేమందరం పెద్దన్న అనేటోళ్ళం. మంచోడు. పొద్దుగాల స్నానం చేసి విభూతి పెట్టుకోనిదే ఆర్మరీ తాళం తియ్యడు. నాకు ఆయనంటే పానం. ఆయన మీద అరిచినంత నేను మా ఇంటాయన మీద గూడ అరవలేదు, అది వేరే సంగతి.

ఇగ ఆ పిల్ల గురించి చెప్పాలె. నల్లమల లోపలి పెంట నుంచి వచ్చిన పిల్ల. పెంట అంటే అడివిల చెంచులుండే చిన్న ఊరు. ఆ పెంటల పోలీసు నౌకరి కొట్టిన మొదటి ఆడపిల్ల ఈమెనే. సన్నగ, పొట్టిగ, పరుగు తీస్తే ఎవ్వరికీ అందదు. ట్రైనింగు అయిపోయి మా దగ్గరికి వచ్చింది, ప్రొబేషన్ మీద ఉన్నది. ప్రొబేషన్ ఖాయం గావాలంటే ఫైరింగుల పాస్ గావాలె. వచ్చిన కొత్తల మగ పోలీసులు ఒకటే లొల్లి: "చెంచు పిల్ల వచ్చింది, ఇగ మన గురి ఎవడు చూస్తడు? పుట్టుకతోనే విల్లు పట్టింటది!" పిల్ల మొహం ముడుచుకున్నది. నాతోని అన్నది: "అక్కా, నేను ఆశ్రమ పాఠశాల హాస్టల్ల పెరిగిన. మా నాయన తేనె తీస్తడు. విల్లు నేను జెండా పండుగ నాటికల పట్టుకున్న, అట్టముక్కతోని చేసింది." నేను పడిపడి నవ్విన. ఆ దినం నుంచి నేను అక్క, ఆమె చెల్లె.

ఫైరింగు చలికాలం పొద్దుగాల పెట్టిండ్రు. గుట్ట కింద రేంజి, నేల మీద పండుకొని కాల్చాలె. చెల్లె పండుకున్నది, గురి పెట్టింది, మొదటి రౌండు పేల్చింది. రెండోది రాలే. గట్ల ఆగిపోతే చెయ్యి లేపాలె, ఆర్మరర్ వచ్చి చూస్తడు, అది పద్ధతి. చెయ్యి లేపింది. పెద్దన్న పోయిండు, మ్యాగజైన్ అడుగున అరచేత్తోని గట్టిగ ఒక్కటి చరిచిండు. "ఆఁ, కాల్చు." ఒకటి పేలింది. మళ్ళ ఆగింది. మళ్ళ చెయ్యి. మళ్ళ చరుసుడు. నేను పక్క లైన్లనే పండుకొని చూస్తున్న, ఇగ నాలుగోసారికి పిల్ల ట్రిగ్గర్ నొక్కే ముందే కండ్లు మూసుకుంటున్నది, ఇప్పుడు పేలుతదో పేలదో అని. గురి యాడుంటది? టార్గెటు కాయితం మీద అక్కడొకటి ఇక్కడొకటి తప్ప ఏం లేవు.

మా ఆర్.ఐ. సారు, అంటే రిజర్వ్ ఇన్‌స్పెక్టర్, కాయితం చూసి తలకాయ అడ్డం ఊపిండు. పెద్దన్న అన్నడు: "కొత్త పిల్ల సార్, చెయ్యి వణుకుతున్నది. బుగులు పడ్డది." ఆయన కావాలని అనలేదు. ఆయనకు నిజంగనే గట్ల అనిపించింది. ఎందుకంటే ఆగుడు అందరికీ ఆగుతనే ఉండె. నాకు గూడ రెండుసార్లు ఆగింది. మేం పాతోళ్ళం చెయ్యి లేపకుండ మేమే చరుసుకొని కాలుస్తుంటిమి. ఆ చరుసుడు మాకు ముక్కు చీదుకున్నంత అలవాటైపోయింది. ట్రైనింగుల చెప్పినట్టు పద్ధతి ప్రకారం చెయ్యి లేపింది ఆ పిల్ల ఒక్కతే. అందుకే ఆమె ఒక్కతే ఫెయిల్.

సారు ఖరాఖండిగ చెప్పిండు. కొన్నాళ్ళాగి ఇంకొకసారి కాల్పిస్తం, అప్పుడు గూడ ఫెయిలైతే మళ్ళ ట్రైనింగు కాలేజికి తిప్పి పంపిస్తం. సాయంత్రం పిల్ల క్వార్టర్ల మెట్ల మీద కూసొని బూట్ల లేసులు విప్పుతున్నది. నేను చాయ తీస్కపోయిన. కప్పు తీస్కోలే. "అక్కా, మళ్ళ పంపిస్తే నేను పోను. రాజీనామా ఇచ్చి ఇంటికి పోత" అన్నది. ఏడ్వలేదు. ఏడిస్తే నేను ఊకోపెట్టేదాన్ని. బస్సు ఎన్ని గంటలకని అడిగినట్టు మామూలుగ చెప్పింది, అందుకే నాకు భయమైంది. ఆ పిల్ల అన్నంత పని చేసే రకం.

నాకు రాత్రంతా కోపమే. ఎవరి మీదనో తెల్వదు. తెల్లారి ఆర్మరీ తాళం తియ్యంగనే పోయి, పిల్ల కాల్చిన రైఫిలు మ్యాగజైన్ పట్టుకున్న. బొటనవేలు పెట్టి లోపలి పలకను కిందికి అదిమిన. దిగింది. వేలు తీసిన. రాలే! పలక అడుగుననే ఉండిపోయింది. కొంచెం సేపటికి బద్ధకంగ, మొక్కుబడిగ పైకి వచ్చింది. ఇంకోటి తీసిన, అదీ అంతే. ఇంకోటి. చలికి లోపలి గ్రీజు గడ్డ కట్టింది. నా వేలు చూస్కుంటే ఎర్రగ ఉన్నది. కోసుకున్ననేమో అనుకొని నోట్లె పెట్టుకోబోయిన. వాసన వచ్చింది. రక్తం కాదు, కుంకుమ!

అప్పుడు తెలిసింది నాకు అసలు సంగతి. దసరాకు మేం ఆయుధపూజ చేస్తం. రైఫిళ్ళు, మ్యాగజైన్లు అన్ని బల్లల మీద వరుసగ పేర్చి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కోసి, కొబ్బరికాయ కొడ్తం. పెద్దన్న ఆ దినం ఒక్కపొద్దు ఉండి, ఒక్కొక్క మ్యాగజైన్‌కు తన చేత్తోనే బొట్టు పెడ్తడు. పెట్టేది ఎక్కడ? మూతి దగ్గర. రౌండు బయటికి వచ్చే మూతి దగ్గరనే. కింద గ్రీజు, మీద పసుపు, కుంకుమ, అక్షింతలు. తుడిస్తే అపచారమని ఆ మూతి మాత్రం తుడవరు. మళ్ళ దసరాకు దాని మీద ఇంకో బొట్టు. అదంతా గ్రీజుల కలిసి లోపలికి దిగి, గోడలకు పట్టి, చింతపండు గుజ్జు లెక్క అయ్యింది. ఒక దాంట్ల బియ్యపు గింజ గూడ దొరికింది. పూజ మీద నాకేం కోపం లేదు, నేను గూడ మొక్కుత. కానీ ఒక పిల్ల నౌకరి ఆ గుజ్జుల ఇరుక్కున్నది గదా!

"పెద్దన్నా, జర ఇటు రా" అన్న. చూపించిన. ఆయన చూసిండు, కండ్లద్దాలు పెట్టుకొని మళ్ళ చూసిండు.

"అయితే ఏం చేద్దమంటవమ్మా?"

"కడుగుదం."

"కడుగుడా?" ఆయన గొంతు లేసింది. "తుపాకీ సామాను నీళ్ళల్ల ముంచుతవా? నా సర్వీసుల అట్ల ఎన్నడు వినలే. గ్యాస్ నూనెతోని తుడుస్తం, అది పద్ధతి."

గ్యాస్ నూనె అంటే కిరసనాయిలు. ఇనుముకు అది మంచిదే, నేను కాదన్ననా? కానీ గుడ్డ ముంచి తుడిస్తే పైది పోతది, లోపలిది ఇంకింత లోపలికి పోతది. ఒక కుర్ర కానిస్టేబుల్ పెట్రోల్ పోద్దమన్నడు. వాడు పోయిన ఏడాది పెట్రోల్‌తోని హెల్మెట్ అద్దం తుడిచి, మబ్బు పట్టినట్టు చేసుకున్నడు. "నీ హెల్మెట్ ఏడున్నదిరా?" అన్న. వాడు నవ్వి అటు జరిగిండు. మ్యాగజైన్ డబ్బా ఇనుము కాదు, ప్లాస్టిక్. ప్లాస్టిక్ డబ్బాకు నూనె జిడ్డు పడితే ఇంట్ల ఏం చేస్తం? గోరువెచ్చని నీళ్ళు, సబ్బు. గదే.

"అది సరే, పండుగ బొట్టు కడిగేస్తవా?" అన్నడు పెద్దన్న. ఆయన బాధ అసలు అక్కడున్నది. నీళ్ళ గురించి కాదు.

నాకు ఆగలే. "పెద్దన్నా, నేను పొద్దున లేచి మొహం కడుక్కోనా? నా బొట్టు పోదా? మళ్ళ పెట్టుకోనా? ఇన్నేండ్ల నుంచి దినాం కడుగుతున్న, నా మొగుడు గుండు లెక్క ఉన్నడు!" అన్న. బయట డ్యూటీల ఉన్న సెంట్రీ ఒక్కసారే నవ్విండు. పెద్దన్న నవ్వొద్దనుకున్నడు గానీ మీసాల కింద నవ్వు ఆగలే. "నీ నోరు... నీ నోటికి మొక్కాలె తల్లీ" అన్నడు. "సారును అడుగు. సారు రాసిస్తే నాకేంది?"

సారు దగ్గరికి మ్యాగజైన్ తీస్కొనే పోయిన. మాటలు చెప్పలే. బల్ల మీద పెట్టి, "సార్, జర బొటనవేలు పెట్టి అదమండ్రి" అన్న. అదిమిండు. పలక దిగింది, రాలే. సారు వేలు చూస్కున్నడు, ఎర్రగ. నా మొహం చూసిండు. "ఇది నిన్నటి దినం ఎవరు కాల్చింది?" అన్నడు. చెప్పిన. కాయితంతోని వేలు తుడుచుకున్నడు. "కడుగుండ్రి. పెద్దన్న ముంగట కడుగుండ్రి, లెక్క తప్పకుండ లోపల పెట్టుండ్రి. ఫైరింగు తారీకు మాత్రం మారదు" అన్నడు. నాకు గదే చాలు.

సంబురంగ వచ్చి పిల్లకు చెప్పిన. "చెల్లె, నీ చెయ్యి వణకలే, డబ్బా మొరాయించింది. నీకోసం ఒక మ్యాగజైన్ అద్దం లెక్క కడిగి, గుర్తు పెట్టి పక్కకు పెడ్త. దాంతోని కాల్చు, పాసైతవు." నేను మంచి మాట చెప్పిన అనుకున్న. పిల్ల నన్ను ఎగాదిగ చూసింది. "నా ఒక్కదానికే కడుగుతవా? రేపు ఇంకో పిల్ల వస్తది, ఆమెకు ఆగుతది. నిజంగ డ్యూటీల ఉన్నప్పుడు ఆగితే? నాకు ఏది చేతికి వస్తదో ఎవరికి ఎరుక? కడిగితే అన్నీ కడుగుదం అక్కా. లేకుంటే వద్దు." నౌకరి పోయేటట్టున్నది, అయినా గీర తగ్గలే! నాకు కోపమొచ్చింది, ముద్దు గూడ వచ్చింది. "సరే తల్లీ, అన్నీ కడుగుదం. నా నడుము పోతే నువ్వే మొయ్యాలె" అన్న.

మొదలు గిన్నెల సబ్బుతోని మొదలుపెట్టినం. అయ్యో రామ! మా బోరు నీళ్ళల్ల ఏ సబ్బు నురగొస్తది? ఎంత రుద్దినా జిడ్డు పోకపాయె, పైకెళ్ళి తెల్లటి తెట్టె పేరుకుపాయె. ఆరినంక సున్నం కొట్టినట్టున్నయి. పెద్దన్న కుర్చీల కూసొని చూస్తుండు, ఏం అనలేదు, అదే నాకు ఎక్కువ మండింది. ఏమన్న అంటే నేను గూడ ఏదో ఒకటి అనేదాన్ని గదా! మంచినీళ్ళు కొనుక్కొచ్చి కడుగుదమా అంటే, ఇన్ని డబ్బాలకు ట్యాంకరే తేవాలె.

గప్పుడు తలకాయ గోక్కున్న. గోక్కుంటుంటేనే తట్టింది. ఆ ఉప్పు నీళ్ళతోని మేం ఆడోళ్ళం తలకు ఏం పోసుకుంటున్నం? క్వార్టర్లకు వచ్చిన కొత్తల షాంపూ పెట్టుకుంటే జుట్టు చీపురుకట్ట అయ్యేది. అందుకే మేమందరం కుంకుడుకాయలకు తిరిగినం. కుంకుడు రసానికి ఉప్పు నీళ్ళు మంచి నీళ్ళు అని తేడా లేదు, ఏ నీళ్ళల్లనైనా నురగొస్తది. ఆముదం పెట్టి నానబెట్టిన తలనే వదిలిస్తది, ఈ గ్రీజు ఎంత? "చెల్లె, మీ ఇంట్ల కుంకుడుకాయలున్నయా?" అన్న. పిల్ల నవ్వింది. ఫెయిలైన దినం నుంచి అదే మొదటి నవ్వు. "ఉన్నయా అంటవేంది అక్కా? మా అమ్మ ఏరేదే అవి" అన్నది. ఫోన్ చేసింది. రెండో దినానికే అచ్చంపేట బస్సుల సంచి దిగింది. మా అమ్మాయి తలకు ఇన్ని కాయలెందుకని వాళ్ళమ్మ పరేషాన్ అయ్యిందట.

గింజలు తీసి, కాయలు దంచి, పెద్ద గిన్నెల వేడినీళ్ళు పోసి నానబెట్టినం. పొద్దుగాల చేత్తోని పిసికి, పాత నూలు చీర కొంగుల వడగట్టినం, పిప్పి లోపలికి పోవద్దని. మెకానిక్‌ల పని కాదు అది, అచ్చం తలంటు పనే. ఒక్కొక్క మ్యాగజైన్ అడుగు మూత జరిపి, స్ప్రింగు, పలక బయటికి తీసి వేరే పళ్ళెంల పెట్టాలె. ఏ డబ్బా స్ప్రింగు ఆ డబ్బాకే పోవాలె. ఉత్త డబ్బాను గోరువెచ్చని రసంల జర సేపు నాననియ్యాలె. మరగ కాగిన నీళ్ళు వద్దు, ప్లాస్టిక్ వంకర పోతది. తర్వాత పిల్లల సీసాలు కడిగే బ్రష్షుతోని లోపల మూలలల్ల రుద్దాలె. మొదటి డబ్బా నుంచి కారిన నీళ్ళు చూసి మేమే ముక్కు మూస్కున్నం. నల్లగ, ఎర్రగ, పచ్చగ, అన్ని దసరాలు ఒక్కసారే కారినయి.

స్ప్రింగులకు మాత్రం పెద్దన్న పద్ధతే. ఇనుము కాబట్టి గ్యాస్ నూనె గుడ్డతోని తుడిచి, పొడి బట్టతోని ఒత్తి, చుక్క నూనె వేలికి రాసుకొని అట్ల తగిలించి తగిలించనట్టు. ఆ పని ఆయనకే అప్పజెప్పిన. మొదలు మూతి ముడుచుకొని కూసున్నోడు, జర సేపటికి చొక్కా చేతులు మడిచిండు. "ఏయ్, అంత నూనె కాదు, అది స్ప్రింగు, పకోడి కాదు" అని నా మీదనే అరుస్తుండు. డబ్బాలను నీడల ఆరబెట్టినం, మూతి కిందికి పెట్టి, ఉతికిన దుప్పట్ల మీద. ఎండల పెడ్దమని నేనంటే పెద్దన్ననే వద్దన్నడు. తడి పూర్తిగ పోయినంకనే స్ప్రింగు ఎక్కించినం. డబ్బా లోపల ఇగ ఏం రాయలే. నూనె గూడ వద్దు, దుమ్ము పడ్తది.

అటు దిక్కు పోయేటోళ్ళందరు ఆగి చూసుడే. "ఏందమ్మా, ఈ కుంకుడు వాసన? తుపాకీకి తలంటా? సాంబ్రాణి పొగ గూడ వేస్తరా?" అని. "వేస్తం, ముందుగాల నీ రైఫిల్‌కే. పేన్లు పడ్డట్టున్నయి" అన్న. ఆ పేరు ఆ దినమే పడ్డది నాకు.

పిల్ల మాత్రం తన పనిల తానున్నది. కడిగి ఆరినయాట్ల స్ప్రింగు ఎక్కించి, బొటనవేలుతోని పలకను అదిమి వదిలేది. టక్కున వచ్చేది. మళ్ళ అదిమేది. టక్. ఒక్కొక్క దాన్ని అట్ల చూసి, చెవి దగ్గర పెట్టుకొని విని, అప్పుడే పక్కకు పెట్టేది. "చాలే, రాత్రి గూడ వింటవా ఏంది?" అన్న నేను. "నాకు నమ్మకం రావాలె గదా అక్కా" అన్నది.  ఆ రోజు రేంజిల ట్రిగ్గర్ నొక్కే ముందే కండ్లు మూసుకున్న మొహం నాకు యాదికొచ్చింది. డబ్బా శుద్ధమైతే సరిపోదు, పిల్ల లోపల ఇరుక్కున్నది గూడ వదలాలె. దానికి కుంకుడు రసం పని చేస్తదో లేదో నాకు గూడ తెల్వదు.

అన్నీ అయిపోయినంక పెద్దన్న జేబులకెళ్ళి కుంకుమ పొట్లం తీసిండు. నేను నడుం మీద చెయ్యి పెట్టుకొని చూసిన. ఆయన నన్ను చూసిండు. మ్యాగజైన్ల దిక్కు పోలే. అవి పెట్టే చెక్క బీరువా తలుపు మీద పెద్దగ, గుండ్రంగ ఒక బొట్టు పెట్టి, దండం పెట్టుకున్నడు. నేను గూడ పెట్టుకున్న. పిల్ల గూడ పెట్టుకున్నది. అప్పటి నుంచి మా దగ్గర దసరాకు తలుపుకే బొట్టు.

ఫైరింగు దినం వచ్చింది. మళ్ళ అదే చలి, అదే గుట్ట. నేను రేంజికి అడ్డం కట్టిన తాడు అవతల పెద్దన్న పక్కన నిలబడ్డ. ఆయన మ్యాగజైన్లు ఇస్తుండు. కావాలని ఏరి ఇయ్యలే, చేతికి ఏది వస్తే అది. పిల్ల గూడ ఏరుకోలే. తీస్కున్నది, పోయింది, పండుకున్నది. ఆమె ఒక్కతే కాల్చాలె ఆ దినం, పాస్ గానిది ఆమె ఒక్కతే గదా. మగోళ్ళు కొందరు పనేం లేకున్నా వచ్చి నిలబడ్డరు. చూసి నవ్వనీకి వచ్చిండ్రో, గెలిస్తే సంతోషపడనీకి వచ్చిండ్రో నేను అడగలే.  దేవునికి మొక్కుదమంటే ఏ దేవుడూ యాదికి రాలే.

మొదటి రౌండు పేలింది. రెండోది ఆగలే, పేలింది. మూడోది. నేను పెద్దన్న మోచెయ్యి పట్టుకున్న. పిల్ల తొందర పడతలేదు. ఊపిరి తీస్కుంటున్నది, ఆపుతున్నది, నొక్కుతున్నది. నేను దూరం నుంచి ఆమె కండ్లు చూడలేను గానీ భుజం చూస్తున్న. ఆ భుజం కదలలే. పేలుతనే ఉన్నది. గుట్టకు తగిలి చప్పుడు తిరిగి వస్తున్నది. నేను లెక్క పెట్టుడు మరిచిపోయిన.

ఒక్కసారే ఆగింది. టక్కుమన్న చప్పుడు, అంతే. పిల్ల ఇంకోసారి నొక్కింది. ఏం లేదు. చెయ్యి లేపింది.

 వెనక ఎవడో "ప్చ్" అన్నడు. వాన్ని తిరిగి చూసే ఓపిక గూడ లేదు నాకు. ఏదో ఒకటి సరిగ కడగలేదు, ఆ ఒక్కటే ఈ పిల్ల చేతికి వచ్చింది అనుకున్న. పెద్దన్న తాడు దాటి ఉరికిండు. నేను గూడ ఉరికిన, పద్ధతి లేదు పాడు లేదు. సారు ఏదో అన్నడు, నేను వినలే.

పెద్దన్న మోకాళ్ళ మీద కూసొని మ్యాగజైన్ ఊడబీకిండు. పలకను అదిమిండు, టక్కున పైకి వచ్చింది. రైఫిలు లోపల చూసిండు. మళ్ళ మ్యాగజైన్ చూసిండు. దాన్ని పిల్లకు చూపించిండు.

"ఏం ఇరకలే బిడ్డా. అయిపోయినయి."

పిల్ల పండుకొనే తల తిప్పింది. "ఏం అయిపోయినయి?"

"రౌండ్లు. ఇచ్చినయి అన్నీ కాల్చినవు. ఒక్కటి గూడ ఆగలే."

పిల్ల నమ్మలే. పక్కన నేల మీద చూసింది, పేలిన తొడుగులన్నీ గడ్డిల పడి ఉన్నయి. ఒకటి పట్టుకున్నది, ఇంకా వేడిగ ఉన్నట్టున్నది, విడిచిపెట్టింది. సారు దుర్బిణి కండ్లకు పెట్టుకొని టార్గెటు దిక్కు చూసిండు. చాన సేపు చూసిండు. దించినంక నా దిక్కు చూడలే, పిల్ల దిక్కే చూసి, "పాస్. మంచి పాస్. లే ఇగ" అన్నడు. నాకు ఏడుపాగలే. యూనిఫాం మీదున్న అని గూడ చూస్కోలే, చేతి వెనక్కెళ్ళి తుడుచుకుంట నిలబడ్డ. పెద్దన్న గూడ అటు మొహం తిప్పుకున్నడు.

పిల్ల లేవలే. రైఫిలు భుజానికి అట్లనే ఆనించి ఉన్నది, ఒక చెయ్యి మాత్రం వెనక్కి చాపింది.

"పెద్దన్నా, ఇంకొక మ్యాగజైన్ ఇయ్యి."